ఆకు కాదు

కొళాయి నీళ్లు వారానికి రెండుసార్లే వస్తున్నాయని
రామమూర్తి నగర్‌లో, మా పెరట్లో
ఇంకుడు గుంత తవ్వించాం.
పెరడంటే పెద్ద పెరడేం కాదు,
వాషింగ్ మెషీన్ గొట్టానికీ కాంపౌండు గోడకీ మధ్య
రెండు మంచాలు పట్టేంత ఎర్రమట్టి.

నాలుగడుగులు దిగేసరికి
గడ్డపార కిణుక్కుమంది.
హనుమవ్వ గంప పైకి అందించినప్పుడల్లా
మా లోహిత్ దాన్ని వేళ్లతో దేవేవాడు.
పప్పులో రాళ్లేరే నా కళ్లకి
రాళ్లలో పప్పు ఏరుతున్నట్టున్నాడు.

సాయంత్రానికి బూట్ల డబ్బాలో నాలుగు చేరాయి.
ఒక ఎముక.
ఒక గుడ్డు, కోడిది కాదు,
అంతకన్నా గొప్పదేదో పెట్టి ఉండాలి.
పిడికిట్లో ఇమిడే నల్లటి గుండు.
ఇంకా, రెండుగా పగిలిన తెల్లరాయి లోపల
ఒక ఆకు.
ఈనెతో, ఈనెకి రెమ్మలతో, రెమ్మకి నూగుతో
కాటుక పుల్లతో అద్దినట్టు.

నేను టీవీ కట్టేశాను.
అయితే మా ఇంటి కింద అడవి ఉండేదన్నమాట!
ఆ రాత్రి
ఇంకా కట్టాల్సిన పదకొండేళ్ల ఈఎంఐ
ఎందుకో బొత్తిగా ఆనలేదు.

ఆదివారం అరుళ్‌దాస్ గారింటికి వెళ్లాం.
కోలారు గనిలో ముప్పయ్యేళ్లు
రాళ్లకి నంబర్లు వేసిన మనిషి.
గని మూసేశారు గానీ
ఆయన చొక్కాజేబులో భూతద్దం ఇంకా డ్యూటీలోనే ఉంది.
పాత పేపరు పరిచి,
ఒక మేకు, ఒక రాగి పైస, తిరగేసిన బాత్రూం టైలు,
చుక్కలమందు సీసాలో వెనిగర్
వరసగా పెట్టుకున్నారు.

ఎముకని నాలిక కొసకి తాకించారు.
మావాడు కిలకిల నవ్వాడు.
"బాగా పాతదయితే నాలికని పట్టుకుంటుంది బాబూ.
ఇదిగో చూడు, రంపం కోత. బిర్యానీది."
గుడ్డు మీద ఒక చుక్క వేస్తే
సోడా మూత తీసినట్టు బుస్సుమంది.
"సున్నపు గడ్డ. ఎంత పొదిగినా ఇంతే."

ఆకురాయిని మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
చాలాసేపు చూశారు.
వంటింట్లో కుక్కర్ మూడు కూతలు వేసింది.
"ఆకు కాదమ్మా" అన్నారు,
నాతో. వాడితో కాదు.
ఎవరికి చెప్పాలో ఆయనకి తెలిసిపోయింది.

రాతిలో వెంట్రుకవాసి బీట.
బీటలోకి నీళ్లు, నీళ్లలో రవ్వంత మాంగనీసు.
నీళ్లు పోయాయి, నలుపు ఉండిపోయింది.
"మన కింద బండ పుట్టి
మూడొందల కోట్ల ఏళ్లు.
అప్పటికి నేలమీద ఒక్క ఆకు లేదు.
ఈ గీత తర్వాతెప్పుడో పడిందే అనుకోండి,
అయినా నీళ్లకేం తెలుసు ఆకు సంగతి?
పోవడానికి దారి వెతుక్కున్నాయి. అంతే."

నల్లగుండు దగ్గర ఆయనా తడుముకున్నారు.
టైలు మీద గీశారు, మేకుతో గీకారు.
"డోలరైట్. అంతవరకే చెప్పగలను.
ఇంత నునుపు ఎలా వచ్చిందో..."

సోమవారం మిగిలిన మట్టి ఎత్తడానికొచ్చిన హనుమవ్వ
నీళ్లు తాగుతూ డబ్బాలోకి తొంగిచూసింది.
తడిచేత్తోనే గుండు తీసింది.
దాని పక్కనున్న లొత్తలోకి
బొటనవేలు వెళ్లి కూర్చుంది,
సొంత ఇల్లన్నట్టు.
"కారం నూరేది" అంది. అటూ ఇటూ తిప్పి,
"ఎడంచేతి ఆడమనిషి."
చెంబు దించి గుంతలోకి దిగిపోయింది.

నేను కుడిచేత్తో పట్టి చూశాను. కుదర్లేదు.
ఎవరూ చూడకుండా
ఎడంచేతికి మార్చుకున్నాను.

డబ్బాలో ఇప్పుడు చీటీలున్నాయి,
కన్నడ తలకట్లు పెట్టిన మావాడి తెలుగులో.
బిర్యానీ. సున్నం. ఎడంచేతి ఆవిడ.
తెల్లరాయి చీటీ మీద
ఆకు అని రాసి, కొట్టేసి,
ఆకు కాదు అని రాసి, దాన్నీ కొట్టేసి
మిగిలిన చోటు ఖాళీగా వదిలేశాడు.

నిన్న మొదటి వాన.
మేడమీది నీళ్లన్నీ గొట్టంలోంచి
గుడగుడమని గుంతలోకి దిగుతుంటే
గొడుగేసుకుని ఒడ్డున నిలబడ్డాడు.
"అమ్మా, లోపల బీటలుంటాయా?"
ఉంటాయన్నాను.
"అయితే మొదలెట్టేసి ఉంటాయి" అన్నాడు.