ఆరుగురూ, ఒక చెయ్యీ

గంటస్తంభం వెనక సందులో
మా నాన్న అక్షరాలు కూర్చే ప్రెస్సు.
తప్పుపడ్డ శుభలేఖలు కిలోల్లెక్కన
పాతసామాన్లవాడికి పోయేవి,
పోయేముందు ఓ గుప్పెడు నాకు.
పసుపు అట్ట, మెరుపు అంచు.
అరచేయంత ముక్క కోసి
దానిమీద మైదా లై రాసి
లైమీద, జిల్లా పేజీలోంచి కత్తిరించిన
మా కాలేజీ కబడ్డీ జట్టు.

మా కాలేజీ అంటే నాది కాదు.
నాకప్పుడు పదకొండు.
కంటోన్మెంటు పక్క గ్రౌండుకి గోడ ఉండేది,
గోడకో కన్నం ఉండేది.
ఆ కాలేజీలో నేను చదివింది అంతే.

గేదెల సూరపునాయుడు.
కూతకెళ్తే గీత అవతల దుమ్ము కూడా వెనక్కి జరిగేది.
కార్డు తిప్పితే "చి.ల.సౌ." అని ఉండి
అక్కడితో తెగిపోయింది.
బెవర జగ్గునాయుడు, కవరు.
వీపున "సుముహూర్తము రాత్రి గం. 2"
ఎన్ని నిమిషాలకో పక్కవాడి వీపున ఉంది.
లెంక తవిటినాయుడికి సిరా ఒలికి
మీసం ఒకటి ఎక్కువొచ్చింది.
బాగుందని ఉంచేశాను.

గౌసియా దగ్గర ఇద్దరు జగ్గునాయుళ్ళు,
నా దగ్గర ఇద్దరు సూరపునాయుళ్ళు.
మారకంలో పైన ఒక జీడి అడిగింది.
ఇచ్చాను,
సగం కొరికి.

దొరకనిది ఎడమ కార్నరు, పొట్నూరు అసిరినాయుడు.
పేరు ప్రతిసారీ పడేది, ముఖం ఒక్కసారీ పడలేదు.
ఫోటో తీసే వేళకి ఎప్పుడూ కుప్ప అడుగునే ఉండేవాడు.
అయిదుగురి కిందనుంచి ఒక చెయ్యి,
దానిలో ఎవడిదో చీలమండ.
ఆ చెయ్యే కోసి అంటించాను.

ఓ సాయంత్రం అమ్మ నా పుస్తకాల సంచి దులిపింది.
గచ్చుమీద ఏడు ముక్కలు.
ఆడపిల్ల సంచిలో మగపిల్లల బొమ్మలు.
"ఈల్లలో ఎవుడే?"
"అందరూ."
బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి లేచింది.
గబగబా చెప్పాను:
వీడు కూత, వీడు అడ్డం,
వీడు గొలుసు పట్టులో రెండోవాడు,
వీడికి మోకాలు బాగోదు, అయినా దిగుతాడు.
చెప్తూనే వీపు బిగబట్టుకున్నాను.
దెబ్బ పడలేదు.
అమ్మ వంగి చూస్తోంది.
"మరీ సెయ్యి ఎవుల్దే?"

ఆదివారం గొడుగేసుకుని తనే వచ్చింది గోడ దగ్గరికి.
లోపల శ్రీకాకుళం కాలేజీతో ఫైనలు.
నన్ను పక్కకి నెట్టి కన్నానికి కన్నానించింది.
నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను,
అమ్మ వీపు చూస్తూ ఆట వింటూ.
"కాలట్టుకున్నాడే!
ఈడ్సుకెల్లిపోతన్నాడే ఆడు!
ఒగ్గీకు నాయినా, ఒగ్గీకు!"
గోడకి చెప్పింది అమ్మ. రెండుసార్లు గోడని కొట్టింది కూడా.

ఒక్క పాయింటుతో పోయింది.
వదిలాడో, జారిందో,
కన్నం నా వంతుకొచ్చేసరికి
లోపల ఎవరూ లేరు.
సున్నం గీతమీద ఈడ్చిన జాడ.

మర్నాడు పేపర్లో శ్రీకాకుళం కుర్రాళ్ళు, కప్పుతో.
మావాళ్ళకి రెండు లైన్లు,
అందులో సూరపునాయుడి పేరు సూర్యనాయుడు.

"ఎలా ఉన్నాడమ్మా అసిరినాయుడు?"
"బక్కోడే. సెవులు పెద్దవి.
అంత సెయ్యి ఆడిదంటే నమ్మబుద్దవదు."
ఇంకా అడిగితే పొయ్యిలోకి ఊదుతూ కూర్చుంది.
పెన్సిల్తో గీద్దామని
రెండు చెవులు వేశాను.
మధ్యలో ఏం పెట్టాలో తెలియలేదు.

మొన్న బిస్కట్ల డబ్బా మూత తీశాను.
పురుగు సూరపునాయుడి నోరు తినేసింది, కూత ఆగింది.
తవిటినాయుడి మీసాలు మూడూ క్షేమం.
చెయ్యి మాత్రం చీలమండని వదల్లేదు.

తిప్పి చూశాను.
"మీ రాకకై ఎదురుచూచు" అని
నాన్న కూర్చిన వరస.
అందులో 'రా' తలకిందులుగా పడింది.