ఇరుకు

ముందు ఊరు లేదు.
కొండల మీంచి పరుగెత్తుకొచ్చిన ఆరె నది
రెండు రాతి చెంపల మధ్య
ఒళ్ళు ముడుచుకుని, పక్కకి తిరిగి, దూరిపోయే చోటు ఒకటుంది.
అక్కడ ఎవడో నాలుగు దుంగలు అడ్డంగా పడేశాడు.
అంతే.
దుంగల పక్కన సుంకానికి ఒకడు కూర్చున్నాడు.
వాడి ఆకలికి ఒక రొట్టెల పొయ్యి,
దారినపోయే గుర్రానికి లాడాలు కొట్టేవాడు,
తగాదాకి ఒక న్యాయాధికారి.
పేరు పెట్టడానికి కూడా ఎవరూ శ్రమపడలేదు.
బ్రుగ్ అన్నారు. అంటే వంతెన.

లీడియా మెర్కికి ఎనభై నాలుగేళ్ళు.
వంతెన కొసన, నల్ల బురుజు నీడ పడే ఇంట్లో
మూడో అంతస్తు కిటికీ ఆమెది.
ఆ బురుజు అప్పట్లో జైలు. తాళాల గుత్తి వాళ్ళ తాతది.
ఏడేళ్ళ పిల్ల మూతపెట్టిన గిన్నెలో బార్లీ జావ పట్టుకుని
మెట్లు ఎక్కేది, లెక్కపెడుతూ, ఒలక్కుండా.
గోడలో పొదిగిన రాతి తల
దాన్ని గుడ్లప్పగించి చూసేది.
హూణుడంటారు దాన్ని. హూణుడో కాదో రాయికే తెలియదు.
రోమన్ దండు వదిలిపోయిన శిబిరంలోంచి
ఎత్తుకొచ్చిన రాళ్ళలో అదీ ఒకటేమో.
దండు తిరిగొచ్చి అడగలేదు కదా,
అనేవాడు తాత.

ఆ చలికాలం పైగదిలో
బోట్స్‌బర్గ్ కొండ మీది యోస్ట్ కిస్ట్లర్ ఉన్నాడు.
ఆవు దొంగ.
ఆవు తనదేనంటాడు, కాగితమే తనది కాదట.
ఖాళీ గిన్నె తిరిగిస్తూ అడిగాడొకనాడు:
"పాపా, కింద నది ఎంత వెడల్పు?
చప్పుడు వింటే సముద్రమంతుంది."
పిల్ల రెండు చేతులూ చాపి చూపించింది.
చాలక, గోడ దాకా జరిగి మళ్ళీ చాపింది.
"ఇంతేనా," అన్నాడు వాడు,
"ఇంత ఇరుకుకా ఇంత అరుపు!"

ఈ ఊరు ఒకప్పుడు ఎంతమంది బోధకుల్ని కన్నదంటే
ఇరుగుపొరుగు దీన్ని ప్రవక్తల పట్నమన్నారు.
"అంతా ఎగుమతి సరుకే," అంటుంది లీడియా,
"మిగిలింది మేం, వాళ్ళ మాట విననివాళ్ళం."

ఇప్పుడు పొద్దున్నే బెస్నిక్ నడిపే పసుపు బస్సు
కొండ మీది ఊళ్ళన్నిటినీ దులిపి తెచ్చి ఇక్కడ పోస్తుంది.
బడి పిల్లలు. పన్ను సలుపుతో బుగ్గ పట్టుకున్న ముసలాయన.
చొక్కా జేబులో భూమి దస్తావేజు మడిచిన రైతు.
విడాకులకి వెళ్తూ, వేరే సీటు దొరక్క
పక్కపక్కనే కూర్చున్న భార్యాభర్తలు.
మిగతావాళ్ళు స్టేషన్‌లో దిగి
జ్యూరిక్‌కో, బాసెల్‌కో రైలు మారతారు.
ఆ నాలుగు నిమిషాల్లోనే
ఊరు చూసేశామంటారు.

ఏరు దాటేదాకా ఓడమల్లన్న,
దాటాక బోడిమల్లన్న.
ఈ ఊరికి రెండో పేరే వాడుక.
లీడియా నొచ్చుకోదు.
వంతెన మీద ఎవరు కాపురం పెడతారు గనక?

మొన్న ఆ బస్సులోనే ఒక అమ్మాయి దిగింది.
రెగులా కిస్ట్లర్, యోస్ట్ మనవరాలు.
పాత కాగితాల గదిలో తాత కేసు దొరికింది ఆమెకి:
ఆవు ఒకటి. గోధుమ రంగు. ఎడమ కొమ్ము విరిగినది.
ఆ కింద పేజీ లేదు.
ఎవరో పంపితే లీడియా తలుపు తట్టింది.

ఇద్దరూ వంతెన మీదికి నడిచారు.
కింద నీళ్ళు పచ్చగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ.
కాస్త దిగువన రాయిస్, ఇంకాస్త దిగువన లిమ్మాట్
ఇందులో కలవడానికి వస్తున్నాయి.
వాటికి ఈ ఇరుకు సంగతి తెలియదు.
ముసలామె కటకటా పట్టుకుని, వదిలి,
రెండు చేతులూ చాపి చూపించింది,
భుజం నొప్పి ఎంతవరకు ఒప్పుకుంటే అంత.

"వదిలేశారా మా తాతని?
ఎటు వెళ్ళాడు?"

"ఏమో.
మంచు కరిగిన వారం అది.
ఆ మధ్యాహ్నం
నేను మూడు గిన్నెలే మోశాను."