అంటు

నాలుగ్గంటలకే నేను లేస్తా,
నా వెన్ను ఏడింటికి లేస్తుంది.

బంగారుపాళెం నర్సరీలో
టెంక మొక్క తల కోసి, నడుమ చీల్చి,
తోతాపురి పుల్ల దూర్చి పట్టీ చుడతా.
మూడు వారాలకి చిగురు.
ఏ తోట పుల్లో, ఏ ఊరి టెంకో,
ఎవరు నువ్వని అడగదు మొక్క.

తిరుపతి పెద్దాసుపత్రిలో చీటీ ఇచ్చినారు:
హెచ్‌ఎల్‌ఏ బి ఇరవై ఏడు, పాజిటివ్.
బస్సు నంబరనుకున్నా.
"పుట్టుకతో వచ్చిందే," అనింది డాక్టరమ్మ,
"ఉన్నోళ్ళందరికీ జబ్బు రాదు.
నీకు మాత్రం
నీ ఒళ్ళే నీ వెన్నుని పరాయిదనుకుంటా ఉంది."

మా నాయన మొగిలప్ప
నేల చూస్తా నడిచేవాడు.
ఎంత అణకువ మనిషో అనేవాళ్ళు మండీలో.
పాడె మీద పండబెట్టినా తల ఆనలేదు;
మా అక్క చెంగమ్మ
తువ్వాలు మడిచి కింద పెట్టింది.

అక్క రక్తంలోనూ అదే నంబరంట.
యాభై రెండేళ్ళు. నెత్తిన కాయల గంప,
కొలబద్ద మాదిరి నడక.

చిన్నదానికీ చూపించమంటారు.
ఇయ్యాల చేతిలోంచి కత్తి జారింది.
అది గబుక్కున వంగి, తీసి, లేచి
నా చేతిలో పెట్టింది.

పట్టీ చుట్టడం మరిచి
దాని వీపు చూస్తా కూర్చున్నా.