తలకిందులైన ఆరు

తెల్లారకముందే ట్రాక్టరొచ్చి
గుమ్మం ముందు గురక పెట్టింది.
డియోలిండా అత్త నా నెత్తిన నాన్న పాత టోపీ బోర్లించి
"కళ్ల మీదికి లాక్కో.
జూన్ మొదటివారం ఎండ కొత్తల్లుడి లాంటిది,
పొద్దున మర్యాదగానే ఉంటుంది" అంది.

ట్రాలీలో పదకొండు మంది మగాళ్లు, పదకొండు గొడ్డళ్లు,
ఒక కుక్క, చద్ది గంప, నేను.
నా ఒళ్లో తెల్లరంగు డబ్బా.
అలెంతేజూ మట్టిదారంతా గతుకులే.
రంగు ఒలక్కుండా పట్టుకోవడమే
పదమూడేళ్లప్పుడు నా మొదటి ఉద్యోగం.
కరెంటు స్తంభాల మీది కొంగలు
ముక్కులు టకటకలాడిస్తూ మమ్మల్ని లెక్కపెట్టాయి.

బెండు చెట్టుకి తొమ్మిదేళ్లకోసారే చొక్కా విప్పాలి.
గొడ్డలి బెరడు దాటి లోపలి చర్మాన్ని తాకిందా,
ఆ మచ్చ మనిషికన్నా ఎక్కువకాలం బతుకుతుందని
కుస్టోడియో తాత చెప్పేవాడు.
ఆయన గొడ్డలి కొట్టడానికి కాదు, వినడానికి.
టక్ మంటే ఇంకా పట్టు వదల్లేదు.
టొప్ మంటే, ఇక రా తల్లీ.
పిడి మొన దూర్చి మెల్లగా తిప్పితే
కిర్రుమని
తలుపు రెక్కంత పలక ఊడొచ్చేది.
లోపలి మాను ఎరుపు,
అప్పుడే పుట్టిన బిడ్డ అరికాలి ఎరుపు.

వాళ్లు విప్పుకుంటూ ముందుకి,
నేను అంకె వేసుకుంటూ వెనకాల.
ఆ ఏడాది ఆఖరి అంకె ఆరు.
మళ్లీ ఎప్పుడు రావాలో
రాబోయేవాళ్లకి మానుమీద చీటీ.

పది దాటేసరికి అల్లుడి మర్యాద అయిపోయింది.
స్పెయిన్ వైపు నుంచి వడగాలి లేచింది.
ఆ గాలికి బెరడు మొండికేస్తుంది.
మగాళ్లు బూతులు అందుకుని
నేనున్నానని గుర్తొచ్చి సగంలో మింగారు.
జిగురుపొదల వాసన గొంతుకి అంటుకుంది.
"నీళ్లూ!" అన్నప్పుడల్లా డబ్బా దించి
కూజా చంకనేసుకుని పరిగెత్తేదాన్ని.
బెండు దొప్పలో నీళ్లకి చెట్టు రుచి.
మా అన్న అబీలియో సగం తాగి
సగం కుక్కకి పోసేవాడు,
ఎవరైనా చూస్తే కాలు కడుక్కున్నట్టు నటించేవాడు.

నీడ కూడా ఉడికే వేళకి
ఒకే బేసిన్ చుట్టూ అందరం.
చల్లనీళ్లు, చిదిపిన వెల్లుల్లి, టమాటా,
నానేసిన నిన్నటి రొట్టె.
చెంచాల చప్పుడు తప్ప మాటల్లేవు.
ఆపైన పదకొండు టోపీలు
పదకొండు మొహాల మీద పడ్డాయి.

నాకు నిద్ర పట్టలేదు.
వాగు గట్టున ఒక్క చెట్టు మిగిలింది,
మోచేతి మీద ఒరిగి పడుకున్న మనిషిలా.
కింద ముళ్లు.
పైకెక్కి, మాను మీద బోర్లా పడుకుని
కుంచె కిందికి వేలాడేసి అంకె దిద్దాను.
దిగి చూస్తే
తొమ్మిది.

తుడుద్దామంటే ఆ ఎండకి అప్పటికే
ఆరు ఆరిపోయింది.

వెనకాల దగ్గు.
కుస్టోడియో తాత టోపీ చేత్తో పట్టుకుని
చాలాసేపు చూశాడు.
వేళ్ల మీద ఏదో లెక్కేశాడు.
"మూడేళ్లు ఎక్కువ నిద్ర దొరికింది దీనికి.
ఉండనీ.
ఇంత వయసులో ఎవరడిగినా ఇవ్వాల్సిందే."
మేస్త్రీకి చెప్పొద్దని వేలు పెదవి మీద పెట్టి,
ఆ చెట్టు నీడలోనే, నా అబద్ధం కిందే
కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

చీకటి పడ్డాక ఇంటికొస్తే
"అల్లుడెలా ఉన్నాడే?" అంది అత్త.
జవాబు చెప్పే ఓపిక లేదు.
కాలిన మెడకి పెరుగు రాసింది.

వారానికి పొర ఊడింది.
కింద కొత్త తోలు, ఎర్రగా.
అబీలియో దొంగలా వెనకనుంచి వచ్చి
తడివేలితో అక్కడ ఆరు రాశాడు.
చురుక్కుమంటే అరిచాను గానీ
ఏ వైపు నుంచి రాశాడో
చూసుకోవడానికి మెడ తిరగలేదు.