సున్నా పెడితే ఎప్పటికీ

అంబత్తూరు ఎస్టేటు, మొదటి అంతస్తు, చలిగది.
పదహారు సర్వర్లకి ఒకటే కీబోర్డు, ఒకటే తెర,
ఎడమ బటను అరిగి నున్నబడ్డ ఒకటే మౌసు.
మెట్రో వాటర్ లారీ దగ్గర రంగు బిందెల్లా
మేం ముగ్గురం వంతుకి నిలబడతాం.

గొడవ జెబాస్టిన్‌తో మొదలైంది.
తొమ్మిదో పోర్టు తెరిచిపెట్టి టీకని దిగినవాడు
అటునుంచటే వేళచ్చేరి వెళ్ళిపోయాడు.
వాడు లేడు. తెర మీద వాడి పేరు మాత్రం
కుర్చీ మీద వేసిన తువ్వాలులా ఉండిపోయింది.
పన్నెండో పోర్టులో బిల్లింగు యంత్రం
ఎర్రదీపం పెట్టుకుని మూలుగుతుంటే
చేతులుండీ చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు మేనేజరు ఫోన్లో ఒక్క ముక్క:
"టైమవుట్ పెట్టేయ్ హైమావతీ. ఎంతన్నది నీ ఇష్టం."

స్విచ్చు మెనూలో నాలుగో వరస.
వాడేవాళ్ళ గడువు, నిమిషాల్లో.
కింద చిన్నక్షరాల్లో: సున్నా పెడితే ఎప్పటికీ.
సున్నాకి ఆ అర్థం కూడా ఉందని
సూళ్ళూరుపేట బళ్ళో లెక్కల మేష్టారు చెప్పలేదు.
ఐదు కొట్టాను. సేవ్ చేశాను.
తీర్పు చెప్పడం ఇంత తేలికా అనిపించింది.

మూడు రాత్రులు బాగానే గడిచాయి.

నాలుగో రాత్రి డ్యూటీ పొన్నంబలం గారిది.
వచ్చే మార్చికి రిటైరయ్యే మనిషి.
లాగ్ తెరిచారంటే తెర మీద వేలుంచి
బియ్యంలో రాళ్ళేరినట్టు
ఒక్కో వరసా చదువుతారు.
మీట ముట్టరు. మౌసు జోలికి పోరు.
కళ్ళజోడు వెనక కళ్ళు మాత్రం నడుస్తుంటాయి.

కళ్ళ నడక స్విచ్చుకి తెలీదు.

ఐదు నిమిషాలకి తెర నల్లబడింది.
ఎవరు మీరంది. పాస్‌వర్డ్ అడిగింది.
ఆయన కొట్టారు. మళ్ళీ మొదటి వరస నుంచి.
మళ్ళీ నలుపు.
"ఇంగేదాన్ ఇరుక్కేన్" అన్నారు మెల్లగా,
ఇక్కడే ఉన్నాను అని,
స్విచ్చుతో. నాతో కాదు.

ఆ తర్వాత ఆయన ఎడమ చిటికెన వేలు
షిఫ్ట్ మీట మీదికి చేరింది.
వరసకో తట్టు, వరసకో తట్టు,
నిద్రపోవద్దని జోకొడుతున్నట్టు.
ఓ తట్టుకీ ఓ తట్టుకీ మధ్య
ఒక వరస జారిపోయింది.
తెల్లారేసరికి ఆరో సర్వర్లో డిస్కు పోయింది.

రిపోర్టులో "కారణం" అన్న గడి:
పర్యవేక్షణ లోపం.
టైపు చేసింది నేనే.
ఎవరి పర్యవేక్షణో ఆ గడిలో పట్టదు.

మధ్యాహ్నం ఇరవైకి మార్చాను.
"అయితే బజ్జీ కూడా తిని రావచ్చు" అన్నాడు జెబాస్టిన్.
నవ్వలేదు నేను.

ఈ రాత్రి ఒక్కదాన్నే.
సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
ఏసీ గొట్టం నుంచి బకెట్లోకి చుక్క.
బయట వాన ఆగి, మళ్ళీ పట్టుకుంది.
నేను ఆలోచిస్తున్నాను, చదువుతున్నాను,
నా నాడి కొట్టుకుంటోంది,
స్విచ్చు లెక్కలో నేను లేను.

పందొమ్మిదో నిమిషంలో
కింద రోడ్డు మీద ఇనపకడ్డీల లారీ గోతిలో పడి లేచింది.
టేబులు అదిరింది. మౌసు గోరంత జరిగింది.

ఇరవై దాటింది. ఇరవై రెండు.
తెర వెలుగుతూనే ఉంది,
ఆ లారీని నేననుకుని.