చిటికి

మేము పుట్టినప్పుడు గుర్తువట్టనీకి
అమ్మ ఒకదాని మణికట్టుకు నల్లదారం కట్టిందట.
దారం ఉన్నది సుగుణ, లేనిది సరోజన.
ఒకనాడు నీళ్లు పోస్తుంటే అది ఊడి
మోరీల కొట్టుకపోయిందట.
అమ్మ మళ్ల కట్టింది.
ఎవరికి కట్టిందో
అమ్మకే తెల్వదు.

నేను కొత్తవాడల చిటికి కట్టేదాన్ని.
ముప్పై ఏండ్ల సంది ఇదే పని.
నూలును పాయలు తీసి
సైకిల్ ట్యూబు పట్టీలు బిగించి
రంగుల ముంచుత.
కట్టిన కాడికి రంగు పోదు.
నూలు ఒక్కటే, గాబు ఒక్కటే,
జంపఖానా మీద పువ్వు ఎక్కడ లేవాల్నో
ఎక్కడ లేవొద్దో
ముడి చెప్తది.

సుగుణను కోరుట్లకిచ్చిండ్రు.
ఒళ్లె చాట, రోజుకు వెయ్యి బీడీలు.
తునికాకు కత్తిరించుడు, తంబాకు నింపుడు,
దారం చుట్టుడు, మూతి మలుసుడు,
ఒక తుమ్ము, మళ్ల చాట.
పెనిమిటి పోయిన యాడాదే
రెండు చేతుల వేళ్లు ఒక్కపారే వాచినయి.
ఇప్పుడు పొద్దుగాల పది దాక
చాయ్ గ్లాసు పట్టరాదు.
రైక గుండీలు నేనే పెడుత.

ఎంజీఎంల డాక్టరమ్మ, జనగామ దిక్కు పిల్ల,
ఇద్దరి నెత్తురు తీసుకున్నది.
నెల తర్వాత పిలిచి చెప్పింది:
"మీ ఇద్దరి రాత ఒక్కటేనమ్మా, పొల్లు తేడా లేదు.
నొసటి రాత కాదు, నెత్తుర్లది.
రాత మీద సన్న సన్న గుర్తులుంటయి,
ఇది చదువు, ఇది చదవకు అని.
మీ అక్క దాంట్ల కొన్ని ఊడినయి.
మూసి ఉండాల్సిన పేజీ తెరుసుకున్నది.
ఒంట్లె కావలోళ్లు అది చదివి
సొంత కీళ్లనే దొంగలనుకుంటున్నరు."

కంచె చేను మేసుడు నాకెర్కే.
కంచెకు ఆకలెట్ల పుట్టిందో
ఇన్నేండ్లల్ల ఎవరూ చెప్పలే.
"ఎందుకు ఊడినయి?" అన్న.
తంబాకు దుమ్మో, దుఃఖమో,
అమ్మ కడుపుల ఉన్నప్పటి కరువో,
"గిదే అని చెప్పలేనమ్మా" అన్నది.
ఆ మాటతోనే నాకు ఆ పిల్ల మీద
నమ్మకం కుదిరింది.

సుగుణ నవ్వింది.
"జన్మల ఒక్క బీడీ తాగలే మేడం, చుట్టుడే చుట్టిన.
తాగినాయన పండ్లూడినా పటేలు లెక్క తిరుగుతుండు."

"మళ్ల కట్టొచ్చునా?" నేనే అడిగిన.
ఆమె నా చేతుల దిక్కు చూసింది,
నీలి పట్టిన గోర్ల దిక్కు.
"దేవులాడుతున్నరమ్మా.
అందాక ఈ గోలీలు మరువొద్దు."

మా పనిల ముడి జారితే రంగెక్కుతది.
ఎక్కిన రంగు దిగదు.
అట్లని ఆ నూలు పారెయ్యం,
అంచుకు వాడుకుంటం.
ఈ మాట సుగుణకు చెప్దామనుకున్న,
బస్సుల కిటికీకి తలానిచ్చి నిద్రపోయింది.

రోజూ మబ్బుల మెలకువొస్తది.
పక్కల ఆమె మూలుగు.
లైటెయ్యకముందే
నా వేళ్లు ఒక్కొక్కటి ముడిచి చూసుకుంట.
ముడుసుకుంటయి.
పానం నిమ్మలమైతది,
ఎంటనే సిగ్గయితది.

ఆనాడు మోరీల పోయిన దారం
నా చేతిదే కావచ్చు.