నీడకీ ఆకలుంటుంది

గ్లాస్గోలో మా నాలుగంతస్తుల రాతి ఇళ్ళ వెనక
ఒక పెరడుంది.
పెరడంటే పెద్ద మాట.
చెత్తడబ్బాలు, బట్టలారేసే ఇనప స్తంభాలు నాలుగు,
ఎదురుగా దక్షిణాన్నంతా మూసేసి
మూతబడ్డ బిస్కెట్ల గిడ్డంగి.
ఎండ ఆ నేల మీదికి
చిరునామా మర్చిపోయిన పోస్ట్‌మ్యాన్‌లా
జూన్‌లో ఓ వారం వచ్చి
తలుపు తట్టకుండానే పోయేది.

నేను గులాబీలు నాటాను.
వెలుతురు కోసం మెడలు చాచి చాచి
పాలిపోయి
ఆగస్టుకల్లా మట్టిలో కలిశాయి.
కింది వాటా ఇష్‌బెల్ రాంకిన్
కిటికీలోంచి అంది:
"రాని చుట్టానికి విస్తరేసి కూర్చున్నావు.
వచ్చినవాళ్ళకి వడ్డించు."

ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ
ఆసుపత్రి చీకటిగదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగింది.
ఎర్రబల్బు కింద ట్రేలో
ఎవరివో పక్కటెముకలు,
ఏ పసివాడో మింగిన కోటు గుండీ
నెమ్మదిగా పైకి తేలడం చూసిన మనిషి.
చీకటంటే ఆవిడకి
ఏమీ లేకపోవడం కాదు.
ఇంకా తేలకపోవడం.

మార్చి నెలంతా ఒక్క మొక్కా నాటలేదు.
కుర్చీ వేసుకుని,
గంటకోసారి సుద్దముక్కతో నేల మీద గీతలు గీసింది.
"నీడంతా ఒకటే అనుకున్నావా?
గోడ మొదట్లో ఎండు నీడ.
వాన గొట్టం కింద తడి నీడ.
ఆ మేపుల్ చెట్టుది చిల్లుల నీడ.
దేని ఆకలి దానిది."

తర్వాత మా గోడకి సున్నం కొట్టింది,
దక్కిన కాస్త వెలుతురునీ రెండుసార్లు వాడుకోడానికి.
మజ్జిగలో నాచు నూరి
రాళ్ళకి బ్రష్షుతో పూసింది.
మూడో అంతస్తు జ్బిగ్నియెవ్ "మతి పోయింది" అన్నాడు.
మరుసటేడు తనే
పోలిష్ కొట్టు నుంచి మజ్జిగ డబ్బాలు మోసుకొచ్చాడు.

ఫెర్న్‌లు లేచాయి,
నిద్రలో చుట్టుకున్న పిల్లి తోకల్లా.
తెల్లంచు ఆకుల హోస్టాలు
చెత్తడబ్బాల మూలన దీపం పెట్టినట్టు.
రాత్రి పదింటికి ఇష్‌బెల్
టార్చి పట్టుకుని నత్తలతో గొడవ పడేది.
వాటికి సాసర్లో బీరు పోసి
మిగిలింది తను తాగేది.

ఏడో ఏడు మేలో
గిడ్డంగి కూల్చేశారు.

ఎండ!
కుర్చీలొచ్చాయి, సాసేజీలు కాలాయి,
నేను చొక్కా విప్పి
నలభై ఏళ్ళకి మొదటిసారి
మా పెరట్లో వీపు కాల్చుకున్నాను.
ఎవరం కింద చూడలేదు.
మూడో రోజుకి ఫెర్న్‌లు తొక్కితే చప్పుడయ్యే కాగితం.
హోస్టాల మీద టీ మరకల్లాంటి మచ్చలు.
రాళ్ళ మీది నాచు పెచ్చులుగా లేచింది.

ఇష్‌బెల్ మోకాళ్ళ మీద కూర్చుని
చాలాసేపటికి అంది:
"ఫిల్ము కడుగుతుంటే
ఎవడో తలుపు తీశాడు."

లోపలికెళ్ళి తన పరుపు దుప్పటి తెచ్చి
తీగ మీద ఆరేసింది, పొడి దుప్పటి.
నేను నాది తెచ్చాను, నీలి చారలది.
రెండో అంతస్తు పిల్లలు రాకెట్ల బొమ్మలది.
జ్బిగ్నియెవ్ వాళ్ళమ్మ లేసు బల్లగుడ్డ.
అది చిల్లుల నీడకి సరిగ్గా సరిపోయింది.
ఆ వేసవంతా
మా పరుపులు బోసిగా పడుకున్నాయి.

గిడ్డంగి వైపు మూడు బర్చి మొక్కలు నాటాం.
అవి నీడనిచ్చే వేళకి
ఆవిడకి ఎనభై దాటుతుంది.
"అప్పటిదాకా ఉతుక్కుంటూ ఉండండి" అంది.

నిన్న సాయంత్రం
సందులోంచి ఎండ వాలుగా వచ్చి
కొత్తగా చిగిర్చిన ఫెర్న్‌ని
తెల్లదుప్పటి మీదికి తోసింది.
వెన్నుపూస, రెండు వైపులా పక్కటెముకలు,
ఒక్కటీ విరగలేదు.
ఇష్‌బెల్ కళ్ళద్దాలు సర్దుకుని,
పక్కగది గోడవతల నుంచి
ముప్పై ఒక్క ఏళ్ళు విన్న మాటని
ఆ మొక్కకి చెప్పింది:

"కదలకు.
ఊపిరి పీల్చు.
ఆపు."